సుడిపట్నంలో వంగమొక్కల రాజకుమారుడు

మీరు నమ్మరు. రాసిస్తా, నమ్మరు. చివరిదాకా విని ‘అబద్ధం’ అనకుండా నోరు మూసుకున్నవాడికి నా వాటా జంతికలు మొత్తం ఇచ్చేస్తా. దమ్ముంటే వినండి. మధ్యలో గ్రూపులో స్టిక్కర్లు పెట్టారో, ఆపేస్తా.

అనగనగా, అంటే మన తాతల తాతలకి కూడా ఇంకా మీసాలు రాని రోజుల్లో, వెలగలకోట అని ఒక రాజ్యం. దానికో రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దోడు గిరిభూపతి. నడిపోడు రణభూపతి. చిన్నోడు చిట్టిభూపతి.

పెద్దోడికి అన్నీ తెలుసు. నడిపోడికి పెద్దోడికి తెలియనివి కూడా తెలుసు. మరి చిన్నోడికి? ఏదడిగినా ‘తెలీదు’ అంటాడు. ఒకరోజు పంతులుగారు ఆకాశంలో చుక్కలెన్ని అని అడిగారు. పెద్దోడు లక్ష అన్నాడు. నడిపోడు లక్షా ఒకటి అన్నాడు. చిన్నోడు మాత్రం, “తెలీదండి. మీకు తెలుసా?” అన్నాడు. ఇంకేముంది, వీపు విమానం మోత మోగింది. కోటలో అందరూ వాడికి ‘తెలీదు దొర’ అని పేరెట్టేశారు. గుర్రాలకి దాణా వేసేవాడు కూడా అలాగే పిలిచేవాడు. వాడు పట్టించుకునేవాడు కాదు. సరే, కొంచెం పట్టించుకునేవాడు.

ఒకరోజు పెద్దోళ్ళిద్దరూ మీసాలు మెలేసి నాన్న ముందు నిలబడ్డారు. “ఏడు సముద్రాల అవతల సుడిపట్నం ఉందట. వెళ్ళినవాడు తిరిగి రాలేదట. మేం వెళ్ళొస్తాం. దారి మాకు తెలుసు” అన్నారు.

రాణిగారు చెరో మల్లెమొక్క నాటి వెళ్ళమంది. మొక్క పచ్చగా ఉంటే కొడుకులు చల్లగా ఉన్నట్టు. పెద్దోడు, “మల్లె ఎందుకమ్మా, నీళ్ళు పోయకపోతే చచ్చిపోద్ది. వంగమొక్క మొండిది. నాకు తెలుసు” అన్నాడు. అందుకని చెరో వంగమొక్క నాటి వెళ్ళిపోయారు.

ఏడాది గడిచింది. వంగమొక్కలు భలే కాశాయి. తర్వాత ఒక పొద్దున రాణిగారు నీళ్ళు పొయ్యడానికి వెళ్ళి కెవ్వుమంది. రెండు మొక్కలకీ మొదలు రాయైపోయింది. వేలితో కొడితే టంగుమంటోంది. ఆకులు ఒక్కోటీ రాలిపోతున్నాయి. చెరో పది మిగిలాయి.

“ఈ ఆకులన్నీ రాలేలోపు నా బిడ్డల్ని ఎవరు తెస్తారు?” అంది రాణి. సేనాపతి కత్తి పిడి తుడుచుకున్నాడు. మంత్రి నేల చూపులు చూశాడు.

“నేను తెస్తానమ్మా” అన్నాడు చిట్టిభూపతి.

“దారి తెలుసురా?” అన్నాడు రాజు.

“తెలీదు.”

“ఆ ఊరు ఎలా ఉంటుందో తెలుసా?”

“తెలీదు.”

“వాళ్ళకి ఏమైందో అదైనా తెలుసా?”

“తెలీదు నాన్నగారూ. అడుగుతూ పోతా. తీసుకొచ్చేదాకా మాత్రం తిరిగి రాను.”

రెండు మొక్కల్నీ వేళ్ళతో సహా తవ్వి ఒకే కుండలో పెట్టుకుని, ఆ కుండ నెత్తిన పెట్టుకుని బయల్దేరాడు. రాజకుమారుడండీ బాబూ! కిరీటం పెట్టుకోవాల్సిన నెత్తి మీద వంగమొక్కలు!

మొదటి సముద్రం దగ్గరికొచ్చాడు. పీతనడిగాడు దారెటని. పీత పక్కకి చూపించింది. పీతకి అదొక్కటే వచ్చు. కొంగనడిగాడు. చేపలు ఎక్కడుంటే అటు అంది. చివరికి పందిరంత పెద్ద తాబేలు కనపడింది.

“తాబేలు తాతా, సుడిపట్నం ఎటు? నాకు తెలీదు” అన్నాడు.

తాబేలు మెడ బయటికి సాచి వాణ్ణి కిందకీ పైకీ చూసింది. “ఏవన్నావ్, తెలీదా? హమ్మయ్య! పోయినేడాది ఇద్దరెక్కారు నా వీపు. కుడికి పో, ఎడమకి పో అని నాకే దారి చెప్పారు. మూడు నెలలు ఒకే సముద్రంలో గుండ్రంగా తిరిగాం. ఎక్కు నాయనా, నోరు మూసుకుని కూర్చో చాలు” అంది.

ఎక్కాడు. ఉప్పు సముద్రం దాటారు. చెరకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు కొంచెం తూలింది గానీ దాటారు. నెయ్యి సముద్రం, పెరుగు సముద్రం, పాల సముద్రం, చివరికి మంచినీళ్ళ సముద్రం. సముద్రానికో ఆకు చొప్పున రెండు మొక్కలవీ రాలాయి. ఏడు సముద్రాలు, ఏడాకులు. చెరో మూడు మిగిలాయి.

తెల్లారేసరికి ఎదురుగా సుడిపట్నం.

ముందు వినపడింది, తర్వాత కనపడింది. వెయ్యి తేనెతుట్టెల్ని ఒకేసారి కర్రతో కొడితే ఎలా ఉంటుందో అలాంటి హోరు. ఆ తర్వాత వాసన. వేయించిన మిరపకాయలు, గుర్రాల లద్దె, సాంబ్రాణి, ఎండు చేపలు, అన్నీ ఒకే గాలిలో! చిట్టిభూపతికి తుమ్ములు ఆగలేదు.

“నేనిక్కడే ఉంటా. నాకీ గోల పడదు” అని తాబేలు తల లోపలికి లాగేసుకుంది.

వాడు ఒడ్డున దిగి, సముద్రపు గుమ్మం దాటి లోపల అడుగు పెట్టాడు. పెట్టగానే ఎవడో గుద్దాడు. సారీ గీరీ ఏం లేదు. వాడు నెత్తిన తలుపు మోసుకుపోతున్నాడు. గొళ్ళెంతో సహా తలుపు! వాడి వెనకాల ఇంకొకడు, “నా తలుపు! నా తలుపు!” అని పరిగెత్తుతున్నాడు, కానీ వేరే వైపుకి.

వీధులంటారా? జిలేబీ నయం. ఒక వీధి మొదలై, మూడు మెలికలు తిరిగి, దాని తోక దగ్గరికే వచ్చేస్తుంది. మేడ మీద మేడ, దాని మీద ఇంకో మేడ, మధ్యలో ఎక్కడికీ పోని మెట్లు. మెట్ల చివర ఒక ముసలాయన కూర్చుని కిందకి దిగే దారి అడుగుతున్నాడు. ఒంటె బండి, ఎద్దు బండి, మేక బండి, మూడూ ఒకదానికొకటి ఎదురొచ్చి ఇరుక్కున్నాయి. ఎవడూ వెనక్కి తగ్గడు. అందరూ శంఖాలు ఊదడమే. రెండు పల్లకీలు కొమ్ములు కుమ్ముకున్నట్టు నిలబడిపోతే, బోయీలు కొట్టుకుంటున్నారు. లోపలున్న ఇద్దరు షావుకార్లూ హాయిగా గుర్రు పెడుతున్నారు. రెండు పెళ్ళి ఊరేగింపులు ఒకదాన్లోకి ఒకటి దూరిపోయి, పెళ్ళికొడుకులు తారుమారైపోయారు. “ఏవండీ, ఈయన మావాడు కాదండీ!” అని ఒక పెళ్ళికూతురు గుర్రమెక్కి అరుస్తోంది.

ఇంకో వింత. ప్రతి గుమ్మానికీ ఒక చిలక. ఎవరేమంటే అది అనడమే వాటి పని. “జరుగు!” అంటే వంద చిలకలు “జరుగు! జరుగు!” “నీ మొహం!” అంటే వంద చిలకలు “నీ మొహం! నీ మొహం!” ఊరికి రెండు రెట్లు గోల.

గుమ్మం పక్కనే ఒక మరమరాల కొట్టు. కొట్టు చూరుకి ఇనప పంజరం. అందులో పెద్ద చిలక ఒకటి, పోలీసు పటేలులా ఛాతీ విరుచుకుని కూర్చుంది. చిట్టిభూపతి ఏమీ అడక్కముందే, “ఎడమకి తిరుగు!” అంది.

“థాంక్సు చిలకమ్మా” అని వాడు ఎడమకి తిరిగాడు. ఎడమ పక్క గోడ.

సరే, మనుషుల్నే అడుగుదామనుకున్నాడు. ఒక పళ్ళబుట్ట ఆయన్ని ఆపి, “బాబాయ్, ఇద్దరు రాజకుమారులు...” అన్నాడో లేదో, “కుడికెళ్ళి, మళ్ళీ కుడికెళ్ళు!” అన్నాడాయన. ఎంత ప్రేమగా చెప్పాడంటే, భుజం మీద చెయ్యేసి పది అడుగులు తోడొచ్చి మరీ చెప్పాడు. కుడికెళ్ళి కుడికెళ్తే మరమరాల కొట్టు. “ఎడమకి తిరుగు!” అంది చిలక.

ఒక ముసలమ్మనడిగాడు. “వెనక్కి పో నాయనా, వెనక్కి! కళ్ళు మూసుకుని పో!” అంది. వెనక్కి పోతే మరమరాల కొట్టు. “ఎడమకి తిరుగు!”

ఒక భటుణ్ణి అడిగాడు. “ఆ మేడెక్కి ఈ మేడ దిగు. నాకు తెలీదా ఏంటి, పుట్టి పెరిగింది ఇక్కడే” అన్నాడు. ఎక్కాడు, దిగాడు. ఎక్కడికొచ్చాడు? మీరే చెప్పండి. ఆ, అక్కడికే.

టప్ మని రెండు ఆకులు రాలాయి, మొక్కకొకటి. చెరో రెండు మిగిలాయి.

వాడికి ఏడుపొచ్చింది. పళ్ళు గట్టిగా కరిచి ఆపుకున్నాడు. ఇంక ఎవర్నీ అడక్కుండా, జనం ఎటు పోవట్లేదో అటు పోయాడు. పోతే పెద్ద కూడలి. కూడలి మధ్యలో నల్లగా, తీరిగ్గా, నెమరేస్తూ ఒక గేదె పడుకునుంది. బళ్ళన్నీ దాని చుట్టూ తిరిగి పోతున్నాయి.

“గేదె పెద్దమ్మా, నువ్వైనా...”

“కూర్చో ముందు. మొక్కలకి నీడ తగలనీ” అంది గేదె. “ఈ ఊళ్ళో నన్నెవరూ దారి అడగరు. నేనెవర్నీ అడగను. అందుకే నేనొక్కదాన్నే దారి తప్పను.”

“వీళ్ళంతా ఇలా ఎందుకు చెప్తారు పెద్దమ్మా? మంచోళ్ళలాగే ఉన్నారుగా?”

“మంచోళ్ళే. కానీ ఈ ఊళ్ళో ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ అనరు. ‘తెలీదు’ అంటే పరువు పోయినట్టు. కొంపంటుకుని మంట ఎవరింట్లో అంటే, ఏదో ఒక పేరు చెప్తారు గానీ తెలీదనరు. నేర్పింది దారిమింగుడనే మంత్రగాడు. రాజుని పొట్టనపెట్టుకుని ఊరిని పట్టుకున్నాడు. తన ప్రాణం తీసి ఒక చిలకలో పెట్టి, ఊళ్ళో ఉన్న ఏడు వేల చిలకల్లో కలిపేశాడు. అది ఎవరికీ దొరక్కూడదని రోజూ దీపాలు పెట్టే వేళకి వీధులన్నీ బట్టలు పిండినట్టు మెలిపెట్టేస్తాడు.”

“మరి మా అన్నలు?”

గేదె తోకతో చూపించింది. కూడలికి అటొకటి ఇటొకటి రాతి బొమ్మలు. ఒకటి తూర్పుకి చెయ్యి చూపిస్తోంది, ఇంకోటి పడమరకి. వాళ్ళ చేతులకి తాడు కట్టి ఎవరో లంగోటాలు ఆరేసుకున్నారు. కుండ కింద పెట్టి దగ్గరికెళ్ళి చూశాడు. గిరన్న. రణన్న. ఒళ్ళంతా రాయి. కళ్ళు మాత్రం ఇంకా కళ్ళే. చూస్తున్నాయి. తమ్ముణ్ణి చూసి బొటబొటా నీళ్ళు కార్చాయి.

“ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాణ్ణి వాడు వేషం మార్చుకొచ్చి దారి అడుగుతాడు” అంది గేదె. “తెలియకుండా చెప్తే మోకాళ్ళదాకా రాయి. మళ్ళీ చెప్తే మెడదాకా. మూడోసారి చెప్తే ఇదిగో ఇలా. ఊరివాళ్ళకి ఆ మంత్రం పట్టదు, ఏళ్ళ తరబడి అలవాటైపోయిందిగా. ఇవాళ దీపాలు పెట్టే వేళకి ఆ కళ్ళు కూడా రాయైపోతాయి నాయనా.”

చిట్టిభూపతి లేచాడు. లంగోటాలు తీసి కింద పడేశాడు. “ఇవాళే తేల్చేస్తా” అన్నాడు.

అన్నాడో లేదో, కర్ర ఊపుకుంటూ ఒక తాత. “బాబూ, ఏనుగుల శాల ఎటు?”

“తెలీదు తాతా. నేనూ కొత్తే.”

వీధి వీధంతా ఆగిపోయింది. ఒకావిడ చేతిలో బిందె జారి పడింది. “ఏవన్నాడు? ఏవన్నాడు?” తాత మూతి ముడుచుకుని జనంలో కలిసిపోయాడు.

రెండో నిమిషంలో చంకలో పసిపిల్లతో ఒకావిడ. “అన్నయ్యా, పిల్లకి జ్వరం, వైద్యుడి ఇల్లెటు?” పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. ఏదో ఒకటి చెప్పేద్దామని వాడి చెయ్యి సగం లేచిపోయింది. బలవంతంగా దింపాడు. “తెలీదమ్మా. పద, ఇద్దరం కలిసి వెతుకుదాం” అన్నాడు. ఆవిడ పళ్ళు కొరికి మాయమైపోయింది.

మూడోసారి వెనకనుంచి తెలిసిన గొంతు. తిరిగి చూస్తే నాన్న! కిరీటంతో సహా నాన్న!

“చిన్నోడా, అన్నల్ని బతికించే ఉపాయం తెలిసిందా? లేకపోతే ఇప్పుడు కూడా నా పరువు తీస్తావా, తెలీదు దొరా?”

ఆ పేరు కోటలో అందరూ పిలిచారు గానీ నాన్న ఎప్పుడూ పిలవలేదు. చిట్టిభూపతికి చెవులు ఎర్రగా అయిపోయాయి. తెలిసిందని ఒక్క మాటంటే పోయేదేముంది? గొంతు దాకా వచ్చింది. మింగేశాడు.

“తెలీదు నాన్నగారూ. కానీ కనుక్కుంటా.”

ఢామ్మని నాన్న పేలిపోయి, పొగలోంచి బారెడు గడ్డంతో దారిమింగుడు బయటపడ్డాడు. “ఏరా పిల్లకాకీ, కనుక్కుంటావా? ఏడు వేల చిలకలు! వెతుక్కో!”

“సరే. అది ఎక్కడుందో నీకైనా తెలుసా?” అన్నాడు చిట్టిభూపతి, ఊరికే.

“నాకు తెలీకపోవడమా? అదిగో, ఆ ఉత్తరం వీధిలో!”

పైనుంచి పకపకా నవ్వు వినపడింది. కూడలి పక్క మేడ మీద ఒక అమ్మాయి పిట్టగోడ పట్టుకుని వంగి చూస్తోంది. చేతినిండా ముగ్గుపిండి. “నిన్న దక్షిణం అన్నావుగా మావయ్యా! మొన్న తూర్పు!”

దారిమింగుడి మొహం వంకాయ రంగులోకి వచ్చింది. గిర్రున సుడి తిరిగి మాయమైపోయాడు.

“ఓ వంగమొక్కల అబ్బాయ్!” అని కేకేసింది ఆ అమ్మాయి. “నా పేరు రేఖావతి. ఈ ఊరి రాజు కూతుర్ని. వాడు నన్ను పెళ్ళి చేసుకుంటానని ఇక్కడ కూర్చోబెట్టాడు. ‘నీ ప్రాణం ఎక్కడుందో చెప్పు, చేసుకుంటా’ అన్నా. రోజుకో వైపు చూపిస్తాడు. నేను రోజూ డాబా మీద ఊరంతా ముగ్గేస్తా, ఇంటికో చుక్క పెట్టి. సాయంత్రానికి వీధులు మారిపోతాయి. తుడిచి మళ్ళీ వేస్తా. మూడేళ్ళయింది.”

“మూడేళ్ళా! రోజూనా?”

“మరి? ఒకరోజు కుదరకపోద్దా అని.”

వాడికి ఆ అమ్మాయి అప్పుడే నచ్చేసింది. నచ్చదా మరి?

“కిందకి రావచ్చుగా?”

“వచ్చేదాన్నే. ఈ మెట్లు ఎటు దిగుతాయో నాకూ... నాకూ...” ఆమె మొహం ఎర్రబడింది. ఎంతైనా ఆ ఊళ్ళో పుట్టిన పిల్ల.

“తెలీదా?” అన్నాడు చిట్టిభూపతి మెల్లిగా.

రేఖావతి అటూ ఇటూ చూసింది. చెయ్యి నోటికడ్డం పెట్టుకుంది. “తెలీదు” అంది. అని కిలకిలా నవ్వేసింది. “అబ్బ, ఎంత హాయిగా ఉందో!”

ఆమె పక్కనున్న పంజరంలో చిలక, “తెలీదు! తెలీదు!” అంది.

చిట్టిభూపతి ఆ చిలక వైపు చూశాడు. తర్వాత ఊరి వైపు చూశాడు. అప్పుడు వెలిగింది.

“రేఖావతీ! చిలకలన్నీ విన్నది అంటాయిగా?”

“అంటాయి.”

“దారిమింగుడు ఆ మాట చచ్చినా అనడుగా?”

“అనడు.”

“మరి వాడి ప్రాణమున్న చిలక?”

రేఖావతి ఎగిరి గంతేసింది. “అనదు! ఊళ్ళో ఉన్న చిలకలన్నీ అన్నా అది మాత్రం అనదు!”

టప్. ఇంకో రెండు ఆకులు. చెరొకటే మిగిలింది. సూర్యుడు పడమటి మేడల వెనక్కి జారుతున్నాడు.

చిట్టిభూపతి గేదె వీపెక్కి నిలబడి, గొంతు చించుకుని, “తెలీదూ...!” అని ఒక కేక పెట్టాడు. పెద్దోళ్ళు చెవులు మూసుకున్నారు. పిల్లలకి కావలసింది అదేగా! అనకూడని మాట దొరికిందంటే వాళ్ళు వదుల్తారా? వీధి చివరిదాకా గెంతుకుంటూ, “తెలీదు! తెలీదు! నాకేం తెలీదు!” అని పాట కట్టేశారు. ఈ వీధి పిల్లలు ఆ వీధికి, ఆ వీధి పిల్లలు పై వీధికి. తల్లులు కొట్టబోయారు. “ఎక్కడ నేర్చావురా ఈ మాట?” అంటే, “తెలీదు!”

తర్వాత ఏమైందో చూడండి. పల్లకీలో పడుకున్న షావుకారు లేచి, తెర తీసి, “ఒరేయ్, మనం ఎక్కడికి పోతున్నాం?” అన్నాడు. ముందు బోయీ అలసిపోయాడు పాపం. పొద్దున్నుంచీ మోస్తున్నాడు. “నిజం చెప్పాలంటే దొరా... తెలీదు” అని పల్లకీ దింపేసి ఉఫ్ మని కూర్చున్నాడు. కూర్చునేసరికి వాడి మొహంలో ఎంత సుఖమో! అది చూసి రెండోవాడు, “నాకూ తెలీదు” అన్నాడు. ఒంటె బండివాడు, “నాకూ తెలీదు, నువ్వే ముందు పో” అని వెనక్కి తగ్గాడు. పెళ్ళికొడుకులిద్దరూ, “నేనెవరి మొగుణ్ణో నాకు తెలీదు” అని ఒప్పేసుకుని, అడిగి, గుర్రాలు మార్చుకున్నారు.

ఇంక చిలకలు! గుమ్మం గుమ్మానికీ, “తెలీదు! తెలీదు! తెలీదు!” ఊరంతా వడగళ్ళ వాన పడ్డట్టు ఒకటే మాట.

డాబా మీద రేఖావతి మోకాళ్ళ మీద కూర్చుని, చిలక పలికిన ఇంటి చుక్కల్ని ముగ్గుగీతతో కలుపుకుంటూ పోతోంది. తూర్పు పేట అయింది. ఉత్తరపు పేట అయింది. రథాల వీధి అయింది. నడుం పట్టేసినా లేవలేదు. చివరికి ముగ్గంతా కలిసిపోయింది. ఒక్క చుక్క మాత్రం మిగిలిపోయింది.

“అబ్బాయ్! సముద్రపు గుమ్మం పక్కన! మరమరాల కొట్టు!”

చిట్టిభూపతి నుదురు కొట్టుకున్నాడు. పొద్దున్నుంచీ నాలుగుసార్లు దాని ముక్కు కిందే తిరిగాడు! మిగతా చిలకలన్నీ విన్నది అంటుంటే, అదొక్కటే అడక్కుండా దారి చెప్పింది. వాడి ప్రాణం కాకపోతే ఇంకెవరి ప్రాణం?

“పెద్దమ్మా, ఎటు పోవాలి?”

“తోక పట్టుకో” అంది గేదె.

గేదె మెలికలు పట్టించుకోలేదు. సూటిగా పోయింది. గుడ్డల కొట్లోంచి పోయింది. రెండు పెళ్ళి పందిళ్ళలోంచి పోయింది. ఎవరింట్లోనో వంటింట్లోంచి పోతే, “పప్పు మాడిపోద్ది, జాగ్రత్తమ్మా” అని కూడా చెప్పి పోయింది. వెనకాల ఒక చేత్తో తోక, ఇంకో చేత్తో నెత్తిన కుండ పట్టుకుని చిట్టిభూపతి. ఆఖరాకులు రెండూ పసుప్పచ్చగా అయిపోయి గాల్లో టపటపా కొట్టుకుంటున్నాయి.

కొట్టు ముందు ఆగారు. మరమరాలావిడ, “ఆ చిలక నాది కాదు బాబూ, నేను కొట్టు పెట్టేనాటికే ఉంది. ఎవరిదంటే...” అని ఆగి, సిగ్గుగా నవ్వి, “తెలీదు” అంది.

చిట్టిభూపతి పంజరం దింపాడు. “చిలకమ్మా, తెలీదు అను.”

“ఎడమకి తిరుగు!”

“తెలీదు అను.”

“కుడికి తిరుగు!”

“తెలీదు అను!”

“తిన్నగా పో!” దాని గొంతు బంతిలా ఉబ్బింది, కళ్ళు బయటికొచ్చాయి, ఆ మాట మాత్రం రాలేదు.

అప్పుడే సుడిగాలిలా వచ్చి పడ్డాడు దారిమింగుడు. జనం పక్కకి తప్పుకున్నారు. వాడు మంత్రదండం ఎత్తాడు. ఎత్తినవాడు పంజరం చూశాడు. దండం అలాగే ఉండిపోయింది.

“ఇక్కడుందా!” అన్నాడు.

నోరు జారింది. ఊరంతా విన్నది. మరమరాలావిడ చెయ్యి నడుం మీద పెట్టుకుంది. “ఏందీ, ఇక్కడుందా అంటావేంటి? అంటే ఇన్నాళ్ళూ నీకే తెలీదా?”

“తెలుసు! నాకన్నీ తెలుసు!”

నిజమేంటంటే, ఎవరికీ దొరక్కూడదని వీధులు మెలిపెట్టి మెలిపెట్టి, వాడే మర్చిపోయాడు. ఎన్నో ఏళ్ళుగా తన ప్రాణాన్ని తానే వెతుక్కుంటున్నాడు. ఎవర్నైనా అడుగుదామంటే పరువు.

చిట్టిభూపతి పంజరం తలుపు తీసి చిలక మెడ మీద వేళ్ళు పెట్టాడు. దారిమింగుడు తన మెడ పట్టుకున్నాడు.

“చూడు మావా. పీక నులిమేస్తే ఒక్క క్షణం పని. కానీ నాకది వద్దు. మా అన్నలు కావాలి. ఒక్క మాట నిజం చెప్పు, చిలకని నీ చేతిలో పెడతా. తెలీదు అను.”

“తె...” అన్నాడు దారిమింగుడు. చెమట పట్టింది.

“అను.”

“తె... తెలు...”

కుండలో ఒక ఆకు కాడ పుటుక్కుమని సగం తెగింది. చిట్టిభూపతి చూశాడు. చిలక మెడ మీద వేళ్ళు బిగించాడు. “అంటావా, అనవా?”

“తె... లీ... దు! నాకు తెలీదు! నాకేం తెలీదు! ఏళ్ళ తరబడి నాకేం తెలీదు!”

అదే క్షణంలో చిలక కూడా అంది. “తెలీదు!”

అంతే. దండం పుల్లలా విరిగిపోయింది. నేల మూలిగింది. వీధులన్నీ, నిద్ర లేచి ఒళ్ళు విరుచుకున్నట్టు, మెలికలు విప్పుకుని చక్కగా సాగాయి. మెట్లన్నీ ఎక్కడికి పోవాలో అక్కడికి దిగాయి. బారెడు గడ్డం రాలిపోయి దారిమింగుడు బక్కపల్చని ముసలాడైపోయాడు. చిలకని గుండెకి హత్తుకుని, “మా ఇంటికెళ్ళి ఎన్నేళ్ళయిందో. మా ఇల్లెటు?” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పళ్ళబుట్ట ఆయన ముందుకొచ్చి భుజం మీద చెయ్యేశాడు. “తెలీదు తాతా. పద, వెతుకుదాం” అన్నాడు.

చిట్టిభూపతి అదేం చూళ్ళేదు. కుండెత్తుకుని కూడలికి పరిగెత్తాడు. ఈసారి తిన్నని వీధి. వెళ్ళేసరికి అన్నలిద్దరూ చేతులు దింపుకుని, భుజాలు రుద్దుకుంటూ, రాతిపొడి దులుపుకుంటున్నారు. ఇన్నాళ్ళూ ఎత్తిన చేతులు మరి! మెట్లు దిగి రేఖావతి వాళ్ళకి మంచినీళ్ళిస్తోంది. కుండలో చూస్తే కాడ తెగిన ఆకు మళ్ళీ అతుక్కుంది. పక్కన చిన్న ఊదా పువ్వు.

పెద్దోడు తమ్ముణ్ణి గట్టిగా కౌగిలించుకుని, “నువ్వొస్తావని నాకు ముందే తెలుసురా” అన్నాడు.

నడిపోడు మోచేత్తో పొడిచాడు.

“...సరే. తెలీదు” అన్నాడు పెద్దోడు. అని బావురుమన్నాడు.

తర్వాత పెళ్ళి. చిట్టిభూపతికీ రేఖావతికీ. వెలగలకోట నుంచి అమ్మానాన్నల్ని తాబేలు తీసుకొచ్చింది. కల్లు సముద్రం దగ్గర మాత్రం కొంచెం ఆలస్యమైందంట. రాజు కొడుకుని చూడగానే, “తెలీదు దొర ఎవర్రా ఇక్కడ?” అన్నాడు. ఈసారి ఆ పేరుకి కిరీటం పెట్టినట్టుంది. రేఖావతి డాబా మీద ఊరి ముగ్గేసింది. సాయంత్రం చూస్తే అలాగే ఉంది. పొద్దున చూస్తే అలాగే ఉంది. దాని పక్కన కూర్చుని కాసేపు ఏడ్చి, కాసేపు నవ్వింది. విందులో అన్నీ పెట్టారు గానీ గుత్తొంకాయ ఒక్కటే పెట్టలేదు. అన్నలు ఒప్పుకోలేదు. గేదె పెద్దమ్మకి కూడలిలో పందిరేశారు. ఇద్దరూ కలిసి సుడిపట్నాన్ని చల్లగా ఏలారు. ఎన్నేళ్ళు ఏలారంటే, మొత్తం...

ఆగండి, అమ్మ పిలుస్తోంది. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందని. లెక్కపెట్టమని నన్నే కూర్చోబెట్టింది. మూడందామా? నాలుగా?

సరే కానీ. “అమ్మా, తెలీదు!”

గరిటె పట్టుకుని వస్తోంది, పోతున్నా